సర్ హారీ రికార్డో జీవిత చరిత్రము

నిండు బరువుతో మెట్టనెక్కు మోటారుబండినుండి ఒక్కొక్కప్పుడు టక టకమని సన్నని ధ్వని వెలువడుచుండును. ఇనుప డబ్బాలో గులకరాళ్లు వేసి కదపినట్లుండు ఆ ధ్వని చెవిని బడినంతనే అనుభవముగల డ్రైవరు ఆక్సిలరేటరుమీది కాలు కొంచెము సడలించును. లేదా గేరు మార్చును. ధ్వని యడగిపోవును. బండిలోనివారు దానిని మరచిపోవుదురు. ఆ చిన్న ధ్వనిని మరువక, అది యెట్లు పుట్టుచున్నదో, దాని నెట్లు మాన్పవలెనో తెలిసికొనుటకై తన జీవితములో పెద్దభాగమును ధారపోసిన మహనీయు డొకడు ఇంగ్లండు దేశమున నుండెను. ఆయనయే సర్ హారీ రికార్డో. నేడు వీధులలో తిరుగు ప్రతి పెట్రోలు, డీజిలు బండియు, అందును ముఖ్యముగా టర్బో అమర్చిన ప్రతి బండియు, ఆయన పరిశోధనకు ఎంతో కొంత ఋణపడియున్నది.

రికార్డో 1885 వ సంవత్సరము జనవరి 26 వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి హాల్సీ రికార్డో భవన నిర్మాణ శిల్పమునందు పేరుగాంచినవాడు. అర్థశాస్త్రజ్ఞుడైన డేవిడ్ రికార్డో పుట్టిన వంశమే వీరిదియు. మాతామహుడగు సర్ అలెగ్జాండర్ రెండెల్ గొప్ప ఇంజనీరు. ఆయన మన దేశపు రైలుమార్గములకు సలహాదారుగా నుండెను; నేడు పాకిస్తానులో చేరియున్న సుక్కూరు నొద్ద సింధునదిపై 1889 లో పూర్తియైన లాన్స్‌డౌన్ వంతెన నమూనా ఆయన సిద్ధపరచినదే. ఇట్లు ఈ బాలునకు తండ్రివలన రూపమునందలి సొగసును, తాతవలన ఇనుమునందలి బలమును చిన్ననాడే పరిచయ మయ్యెను.

1898 లో ఆ తాతగారు ఒక మోటారుబండిని కొనెను. అప్పటికి ఇంగ్లండులో మోటారుబండిని కన్నులార చూచినవారే బహు కొద్దిమంది. పదియేండ్ల ప్రాయమునుండియే చిన్న చిన్న యంత్రములను స్వహస్తములతో నిర్మించుచున్న రికార్డోకు ఆ బండి యెంత ఆనందమును కలిగించియుండునో ఊహింపవచ్చును. ఆ సంవత్సరముననే ఆయన రగ్బీ పాఠశాలలో చేరెను. అచ్చట చదువుకొనుచు, పనిముట్లు పట్టుటయందు మంచి నేర్పు సంపాదించెను. పుస్తకమును చేతిపనియు రెండు కన్నులవంటివని ఆయన జీవితమంతయు చాటుచున్నది.

1903 లో రికార్డో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో ప్రవేశించెను. మరుసటి సంవత్సరము అచ్చటి మోటారు సంఘమువారు ఒక పందెము పెట్టిరి. ఒక క్వార్టు, అనగా సుమారు 1.14 లీటర్ల, పెట్రోలుతో ఎవరి బండి యెక్కువ దూరము పోవునో వారు గెలిచినట్లు. రికార్డో తానే ఒక సిలిండరుగల ఇంజను నిర్మించి మోటారుసైకిలునకు బిగించి పందెమున దిగెను. వచ్చిన బండ్లన్నిటిలోను ఆయనదే మిక్కిలి బరువైనది. అయినను అది 40 మైళ్లు నడచి పందెము గెలిచెను. ఇంజను బరువుకంటె, దానిలో ఇంధనము మండు తీరే ముఖ్యమని ఈ చిన్న విజయమువలన తేటపడెను.

ఆ పందెము ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. యంత్రశాస్త్ర ఆచార్యుడైన బెర్ట్రాం హాప్‌కిన్సన్ ఈ యువకుని తెలివిని గుర్తించి తన పరిశోధనలోనికి పిలిచెను. రికార్డో 1906 లో పట్టము పొంది, మరియొక సంవత్సరము గురువునొద్దనే యుండి ఇంజను లోపలి దహనమును పరిశీలించెను. ఆ కాలమున ఇంజనులోని టకటక ధ్వనికి కారణము ఇంధనము స్పార్కుకంటె ముందుగా అంటుకొనుటయే యని పలువురు తలచుచుండిరి. గురుశిష్యులు పరీక్షించి, ఈ రెండును వేరు వేరు వ్యాధులని గ్రహించిరి. స్పార్కు రాకముందే కాలిన ప్లగ్గు మొనవలననో, ఎర్రగా కాగిన మసివలననో వాయువు అంటుకొనుట యొకటి. స్పార్కు సక్రమముగా వచ్చి మంట బయలుదేరిన తరువాత, ఆ మంట చేరకముందే మూలనున్న వాయువు తనంతట తాను ఒక్కసారి ప్రేలుట మరియొకటి. ఈ రెండవదియే నాకింగు. వ్యాధి యేదో నిశ్చయింపక మందిచ్చు వైద్యుడు రోగిని చంపును గదా. కావున ఈ భేదమును కనుగొనుటయే పెద్ద మేలు.

ఇచ్చట చదువరులకు ఇంజను పనిచేయు క్రమమును కొంచెము వివరించుట యుక్తము. సిలిండరులో పిస్టను పైకి వచ్చి గాలి పెట్రోలు మిశ్రమమును నొక్కును. అది కొసకు చేరుటకు కొంచెము ముందుగా స్పార్కు ప్లగ్గు రవ్వను వదలును. ముందుగా నేల వదలవలెను? మిశ్రమము ఒక్క క్షణమున మండిపోదు. మంట ప్లగ్గునొద్ద పుట్టి గడ్డివాములో నిప్పు ప్రాకినట్లు అవతలి గోడవరకు ప్రాకవలెను. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజనులో క్రాంకు షాఫ్టు సెకనులో 18000 డిగ్రీలు తిరుగును. 30 డిగ్రీలు ముందుగా రవ్వ వేసినను పిస్టను కొసకు చేరులోపల మంటకు దొరకు వ్యవధి సెకనులో 600 వ వంతు మాత్రమే. పిస్టను కొసను దాటి క్రిందికి దిగనారంభించి సుమారు 15 డిగ్రీలు తిరుగునప్పటికి లోపలి ఒత్తిడి పరాకాష్ఠ నందినచో మిక్కిలి బలము లభించును. ఇట్లు ముందు వెనుకలు చూచి రవ్వకు వేళ నిర్ణయించుటనే మెకానిక్కులు టైమింగు అందురు. ముందునకు జరుపుట అడ్వాన్సు. వెనుకకు జరుపుట రిటార్డు.

ఈ వేళ ఎల్లప్పుడు ఒక్కటే యైనచో కష్టమే లేకుండును. ఇంజను వేగము హెచ్చినకొలది మంటకు వ్యవధి చాలదు గనుక రవ్వను ముందుకు జరుపవలెను. ఇది పలువురకు తోచును. ఇంజనుపై బరువు హెచ్చినప్పుడు మాత్రము దీనికి విరుద్ధముగా చేయవలెను. ఇది వెంటనే తోచునది కాదు. తేలికగా పోవు బండిలో థ్రాటిలు కొంచెమే తెరచియుండును. సిలిండరులోనికి వచ్చు మిశ్రమము పలుచన. అందులో క్రిందటిసారి మండగా మిగిలిన పొగయు పాలెక్కువగా కలిసియుండును. అట్టిచోట మంట మెల్లగా నడచును గనుక 35, 40 డిగ్రీల అడ్వాన్సు కూడ ఇముడును. మెట్టనెక్కునప్పుడు థ్రాటిలు పూర్తిగా తెరచుటచే మిశ్రమము దట్టముగా నిండును, ఒత్తిడి పెరుగును, మంట త్వరగా ప్రాకును. అప్పుడును రవ్వ మునుపటి వేళకే పడినచో పిస్టను పైకి వచ్చుచుండగానే ఒత్తిడి మితిమీరును. మూలనున్న వాయువు నొక్కబడి, కాగి, మంట వచ్చువరకు ఓర్వలేక ప్రేలును. అందుచేత బరువు పెరిగినకొలది రవ్వను ఆలస్యము చేయవలెను. తొలినాటి బండ్లలో ఈ పనికై స్టీరింగు చక్రమునొద్ద ఒక చిన్న మీట యుండెడిది. డ్రైవరే చెవితో విని దానిని జరుపుచుండెడివాడు. తరువాతి కాలమున డిస్ట్రిబ్యూటరునకు అమర్చిన వాక్యూము డబ్బా ఆ మీట పనిని తానే చేసెను.

మరల రికార్డో చరిత్రమునకు వత్తము. 1907 లో ఆయన తాతగారి సంస్థలో ఉద్యోగమున చేరెను గాని మనసు ఇంజనులమీదనే యుండెను. జ్ఞాతియగు రాల్ఫ్ రికార్డో సముద్రతీరమందలి షోరం పట్టణములో డాల్ఫిన్ అను కార్లను నిర్మింప బూనగా, వానికి కావలసిన ఇంజనును హారీయే రూపొందించెను. కార్లు చక్కనివే, కాని తయారుచేయుటకైన ఖర్చు అమ్ముడు వెలను మించెను. ఆ ఇంజనులు అచ్చటి జాలరుల పడవలకు మాత్రము బాగుగా ఉపకరించెను. తుదకు 1911 లో ఆ వ్యాపారము మూతపడెను. రాల్ఫ్ మన దేశమునకు వచ్చివేసెను. అదే సంవత్సరము హారీ బియాట్రిస్ హేల్ అను కన్యను వివాహమాడెను. వారికి ముగ్గురు కుమార్తెలు కలిగిరి. వ్యాపారము చెడినను హారీ ధైర్యము చెడలేదు. ఇండ్లకు విద్యుద్దీపములనిచ్చు చిన్న యంత్రములకు ఇంజనులు రూపొందించుచు తన పని సాగించెను.

ఇంతలో 1914 లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చిపడెను. 1916 లో ఆంగ్లేయులు మొదటిసారి ట్యాంకులను రణరంగమున దింపిరి. వాని ఇంజనులు విడుచు దట్టమైన పొగ శత్రువునకు దూరమునుండియే జాడ తెలుపుచుండెను. పొగ తగ్గించు ఉపాయము చెప్పుమని రికార్డోను కోరిరి. పాత ఇంజనుకు మాటు వేయుటవలన కార్యము కాదని గ్రహించి ఆయన క్రొత్త ఇంజనునే రూపొందించెను. పాతదాని బలము 105 అశ్వశక్తులు కాగా, క్రొత్తది పొగలేక 150 అశ్వశక్తుల నిచ్చెను. ఐదవ నమూనా ట్యాంకులలో దీనినే బిగించిరి. 1918 ఆగస్టులో అమియాన్స్ యుద్ధమున అవి ముందు నడచెను. ఈ ఇంజనులే ఫ్రాన్సులో పని శాలలకును, ఆసుపత్రులకును దీపములు వెలిగించుటకు కూడ ఉపయోగపడెనని తెలిసికొనుట మనకు ఎక్కువ సంతోషము. ఒకే యంత్రము చేతిని బట్టి యుద్ధమునకును సేవకును పనికివచ్చును.

ఆ దినములలోనే గురువైన హాప్‌కిన్సన్ విమానశాఖలో ఉన్నతపదవి యందుండి శిష్యుని తన పరిశోధనకు రావించెను. కాని 1918 ఆగస్టులో ఆ గురువు తానే విమానము నడుపుచు ప్రమాదమున మృతినొందెను. ఆయన వదలిన బాధ్యత రికార్డోపై బడెను. విమానపు ఇంజనులో నాకింగు పుట్టుట కారులో పుట్టుటవంటిది కాదు. ఆకాశమున పిస్టను కరగినచో దిగి బాగుచేయుటకు వీలెక్కడిది? గురువు మొదలిడిన ప్రశ్నకు ఉత్తరము కనుగొనుట ఇప్పుడు మనుష్యుల ప్రాణములకు సంబంధించిన పనియయ్యెను.

1919 లో రికార్డో షోరం నొద్ద తన పరిశోధనశాలను స్థాపించెను. అచ్చట షెల్ కంపెనీవారి సహాయముతో ఇంధనముల పరీక్షకై ఒక వింత ఇంజను నిర్మించెను. దానికి ఒక్కటే సిలిండరు. నడచుచుండగనే ఆ సిలిండరును పైకిని క్రిందికిని జరిపి మిశ్రమమును ఎన్ని రెట్లు నొక్కవలెనో మార్చవచ్చును. హెన్రీ టిజార్డ్, డేవిడ్ పై అను విద్వాంసులు ఆయనకు తోడ్పడిరి. ఒక్కొక్క పెట్రోలును పోసి, నాకింగు వినబడువరకు ఒత్తిడిని కొంచెము కొంచెముగా పెంచుచు, ఏది యెంతవరకు ఓర్చునో పట్టిక వ్రాసిరి. టోలూయీను అను ద్రవ్యము మిక్కిలి ఓర్పుగలదని తేలగా, దానితో పోల్చి ఇంధనములకు అంకె నిర్ణయించిరి. పెట్రోలు బంకులయందు నేడు మనము చూచు ఆక్టేను అంకెకు ఇది పెద్దన్నవంటిది.

ఈ పరీక్షలయందే ఒక చోద్యము బయటపడెను. పెట్రోలు ఎంత తేలికయైన అంత మేలని ఆనాటి వర్తకుల నమ్మిక. బోర్నియో దీవినుండి వచ్చు పెట్రోలు బరువైనదగుటచే దానిని ఎవరును మెచ్చకుండిరి. రికార్డో దానిని తన ఇంజనులో పోసి చూడగా, అది తక్కిన పెట్రోలులకంటె నాకింగును బాగుగా ఓర్చుకొనెను. ఏలన దానియందు టోలూయీను జాతి ద్రవ్యములు సమృద్ధిగా నుండెను. పదిమంది త్రోసివేసిన దానిని పరీక్షింపకయే త్రోసివేయరాదని విద్యార్థులు దీనివలన నేర్చుకొనవలెను.

ఇంధనమును మార్చుటతో ఆయన తృప్తినొందలేదు. మంట నడచు దారి పొడవైనకొలది మూలనున్న వాయువునకు ప్రేలుటకు వ్యవధి దొరకును. కావున సిలిండరు తల లోపలి గదిని కురుచచేసి, మిశ్రమము సుడులు తిరుగునట్లు దానికి రూపము కల్పించెను. సుడిగాలిలో నిప్పువలె మంట త్వరగా ప్రాకి, ప్రేలుడుకు తావులేకుండ చేసెను. చవుక ధర ఇంజనులు సైతము దీనివలన బలమును, పొదుపును పొందెను. 1931 లో ఆయన రూపొందించిన కామెట్ అను దహనపు గది లండను బస్సుల డీజిలు ఇంజనులలో చేరెను. 1922, 1923 సంవత్సరములలో రెండు సంపుటములుగా ఆయన ప్రకటించిన గ్రంథము ఇంజనీర్లకు పాఠ్యపుస్తకమయ్యెను.

ఇక టర్బో మాట. ఇంజను విడుచు పొగ బలముతో చక్రమును త్రిప్పి, దానిచే గాలిని నొక్కి సిలిండరులో కూరు ఉపాయమునకు స్విట్జర్లండు ఇంజనీరైన ఆల్‌ఫ్రెడ్ బ్యూచి 1905 లోనే పేటెంటు పొందెను. కార్లలోనికి అది 1962 లో అమెరికాయందు ప్రవేశించెను. రికార్డో నేర్పిన పాఠము ఎక్కడికంటెను ఇచ్చట ముఖ్యము. టర్బో గాలిని రెండింతలు నొక్కినచో, చల్లార్చు రేడియేటరు లేనియెడల ఆ గాలి వేడి 100 డిగ్రీల సెంటీగ్రేడును దాటును. అంతటి వేడిగాలి దట్టముగా నిండిన సిలిండరు ఎల్లప్పుడును నిటారు మెట్టనెక్కుచున్న బండి సిలిండరువంటిదే. మెల్లగా పోవునప్పుడు 35 డిగ్రీలు ఓర్చిన ఇంజనే టర్బో పూర్తి ఒత్తిడి నిచ్చునప్పుడు 15 డిగ్రీలను కూడ కష్టముమీద ఓర్చును. ఇంజనును బట్టి ఈ అంకెలు మారును గాని సూత్రము మారదు.

అందుచేతనే నేటి ఇంజనులలో కంప్యూటరు ఒక పట్టికను దాచియుంచును. ఒక ప్రక్క ఇంజను వేగము, మరియొక ప్రక్క దానిపై బరువు. రెండును కలియు గడిలో రవ్వకు తగిన వేళ. ఇంజను గోడకు బిగించిన సెన్సరు నాకింగు ధ్వనిని వినిన తోడనే కంప్యూటరు రవ్వను కొన్ని డిగ్రీలు ఆలస్యము చేయును. నాడు డ్రైవరు చెవి చేసిన పని నేడు ఈ సెన్సరు చేయుచున్నది. వేగముపై మోజుచే కొందరు యువకులు టర్బో ఒత్తిడిని మాత్రము పెంచి, రవ్వ వేళను మునుపటివలెనే విడుతురు. కొద్దికాలమునకే పిస్టను తలకు రంధ్రము పడును. మరికొందరు భయపడి రవ్వను మితిమీరి ఆలస్యము చేయుదురు. అప్పుడు మంట పొగగొట్టములోనికి ప్రాకి టర్బోనే కాల్చును, బలమును తగ్గును. తొందరయు తప్పే, సోమరితనమును తప్పే.

నాకింగును మాన్పుటకు 1921 లో అమెరికాలో మరియొక దారి కనుగొనిరి. పెట్రోలులో సీసపు ద్రవ్యమును కలుపుట ఆ దారి. అది సులువైన మార్గమే గాని, ఆ సీసము గాలిలో కలిసి పిల్లల మెదళ్లకు హానిచేయునని తరువాత తేలెను. మన దేశమున 2000 లోను, ప్రపంచమందంతట కార్ల పెట్రోలులో 2021 లోను దానిని మానిపించిరి. రికార్డో నడచిన దారి మాత్రము చెడలేదు. దహనపు గదికి తగిన రూపము, ఇంధనమునకు తగిన ఎన్నిక, ఇవి నేటికిని నిలిచియున్నవి.

రికార్డోకు 1929 లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1948 లో సర్ బిరుదమును లభించెను. 1968 లో ఆయన తన జీవితకథను ప్రకటించెను. 1974 మే 18 వ తేదీన, 89 ఏండ్ల నిండు ప్రాయమున పరమపదించెను.

విద్యార్థులారా! ఈయన జీవితమునుండి మనము గ్రహింపదగినవి రెండు కలవు. మొదటిది, చిన్న ధ్వనిని చిన్నదని త్రోసివేయక ఓర్పుతో ఆలకించుట. ఒక టకటక ధ్వనిని అలక్ష్యము చేయనందుననే ఆయనకు లోకోపకారము చేయు భాగ్యము కలిగెను. రెండవది, ఇంజను తానే మనకు నేర్పు పాఠము. భారము తక్కువగా నున్నప్పుడు రవ్వ కొంచెము ముందుగా పడినను కీడు లేదు. భారము ఎక్కువైనప్పుడు ముందుగా పడిన రవ్వ యంత్రమునే పగులగొట్టును. మన హృదయములును అట్టివే. పరీక్షలు, దారిద్ర్యము, నింద, దుఃఖము మనలను నొక్కునప్పుడు కోపమనెడి రవ్వను ఒక క్షణము ఆపగలిగినచో, ఆ ఒత్తిడియే బలముగా మారి మనలను మెట్ట ఎక్కించును. ఆపలేనిచో లోపలనే ప్రేలి మనలనే చెరచును. ఆ నిగ్రహమును మనకందరకు దేవుడు దయచేయునుగాక!